నలభై ఒకటో మనిషి

రజిని మెట్లెక్కి వచ్చేసరికి రాఘవమ్మ చేతిలో కాఫీ గ్లాసు సగం కూడా కాలేదు. పొద్దున తొమ్మిదిన్నర. బయట ఎండ మాడ్చేస్తోంది. అయినా ఆ పిల్ల వచ్చీరాగానే తలుపు వేసింది.

"అమ్మా, మీరు దయ్యాల కేసులు చూస్తారా?"

"దయ్యాన్ని పట్టుకోమంటే నా వల్ల కాదు. దయ్యం పేరు పెట్టుకొని తిరిగే మనిషిని పట్టుకోమంటే చూస్తా. కూర్చో ముందు" అంది రాఘవమ్మ.

ఆమె టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేరి, ముప్పై ఏళ్ళు ఊరందరి మాటలూ కలిపి, విడదీసి, రిటైరైన మనిషి. ఇంట్లో ఊరికే కూర్చోలేక డాబా మీద గదికి 'ప్రైవేటు పరిశోధన' అని బోర్డు పెట్టింది. మార్కాపురం ఒక నెల కడుపుబ్బా నవ్వింది. తర్వాత పెళ్ళికి రెండు రోజుల ముందు మాయమైన ఒక పెళ్ళికొడుకుని ఆమె కంభంలో దొరకబుచ్చుకున్నాక నవ్వు ఆగిపోయింది. ఆమె పక్కన నోటుపుస్తకం పట్టుకొని కూర్చున్నది ఆదిశేషు. ఊళ్ళో కంప్యూటర్ ఇన్‌స్టిట్యూటు నడిపి, మూసేసి, నలభై అయిదో ఏట ఈమె దగ్గర చేరాడు. రాఘవమ్మ తుమ్మినా అందులో ఏదో ఆధారం ఉంటుందని నమ్మేంత అభిమానం.

రజిని చెప్పుకొచ్చింది. గొర్రెల కాపరుల సంఘం ఆఫీసులో ఆమె ఉద్యోగం. సంఘానికి 'మందమిత్ర' అని ఒక పేజీ ఉంది. కాపరి ఫోనులో దాన్ని తెరిచి ఒక బటన్ నొక్కితే, మంద ఏ గుట్ట మీద ఉన్నా ఆ తావు ఆఫీసులో పడుతుంది. రజిని వెంటనే డాక్టరు బండిని పంపుతుంది. తొంభై మంది కాపరులు దాని మీదే ఆధారపడ్డారు. బండి ఎక్కడుందో చూసుకోవడానికి చాలామంది రోజూ పొద్దున్నే తెరుస్తారు.

"ఇరవై రోజులుగా పొద్దున పది కొట్టేసరికి పేజీ బిగుసుకుపోతాందమ్మా. ఎవురు నొక్కినా తిరగతా ఉంటాది, తెరుచుకోదు. అది ఒక ఎత్తు. వీరమ్మ ఒక ఎత్తు."

"వీరమ్మ ఎవరు?"

"కొమరోలు వైపు మనిషి. చచ్చిపోయి ఇరవై రోజులు. మట్టికి నేనూ పోయొచ్చినా." రజిని గొంతు తగ్గించింది. "రోజూ పొద్దున ఐదు గంటలకి జాబితాలో మొదటి పేరు ఆమెదే పడతాంది. 'వీరమ్మ, కొమరోలు, లోపల ఉన్నారు' అని. ఆమె వచ్చి కూర్చున్నాక మిగతావాళ్ళు ఒక్కొక్కరే వస్తారు. పదికంతా బిగుసుకుపోతాది."

ఆదిశేషు రాయడం ఆపేశాడు.

"ఇప్పుడు నా దగ్గరికి ఎందుకొచ్చినావు? ఇరవై రోజులు ఏం చేసినావు?" అంది రాఘవమ్మ.

"మొన్న మంగళవారం పెద్దారవీడులో ఒకాయన మూడు గంటలు నొక్కతానే ఉన్నాడంట. మాకు తెలియలా. పదకొండు గొర్రెలు పోయినాయి. ఇది చిటుకు రోగం కాలమమ్మా, వానకి లేచిన పచ్చిక మేసి పొద్దున ఎగిరిన గొర్రె మధ్యాన్నానికి పడిపోతాది. బండి పోయి మిగతా మందకి టీకా వేస్తేనే నిలబడేది. శనివారం మీటింగు. ప్రెసిడెంటు గారు పేజీ మూసేసి బండిని కూడా తీసేస్తామంటున్నారు. బటన్ నొక్కండి, బండి పంపే పూచీ నాది అని ఊరూరా తిరిగి చెప్పింది నేనే. ఇంక ఆ ఊళ్ళకి ఏ మొహంతో పోవాల?"

అంది, ఏడ్చేసింది. శనివారానికి రెండు రోజులుంది.

సంఘం ఆఫీసు మూతపడిన పలకల ఫ్యాక్టరీలో ఉంది. గోడ పొడుగునా ఎవరూ ఎప్పుడూ రాయని పలకలు దొంతర్లుగా దుమ్ము పట్టి ఉన్నాయి. గాలి వీచినప్పుడల్లా వాటి మధ్య ఏదో కదిలినట్టు సన్నటి చప్పుడు. పట్టపగలు కూడా అక్కడ ఒంటరిగా కూర్చోవడానికి గుండె కావాలి. రజిని రోజూ కూర్చుంటోంది.

ఆమె తెర మీద జాబితా చూపించింది. పేర్లు, ఊర్లు, ప్రతి పేరు పక్కనా ఒకే మాట: లోపల ఉన్నారు. రాఘవమ్మ వేలు పెట్టి లెక్కపెట్టింది. నలభై. నిన్నటిది తీయించింది. నలభై. మొన్నటిదీ నలభై.

"తొంభై మంది ఉంటే నలభై దగ్గరే ఎందుకు ఆగింది?"

"అది నేను చెప్తా అక్కా" అన్నాడు ఆదిశేషు ఉత్సాహంగా. "డేటాబేసు అంటే వీళ్ళ పెద్ద రిజిస్టరు అనుకో. ఎవరు ఏమడిగినా అందులో చూసే చెప్పాలి. దాని దగ్గరికి పోవడానికి నలభై లైన్లే పెట్టారు. ఒకరి పని అయితే ఆ లైను వెనక్కి వస్తుంది, ఇంకొకరికి ఇస్తారు. నలభైమంది పట్టుకొని కూర్చుంటే నలభై ఒకటో మనిషి బయట నిలబడాల్సిందే. ఇదిగో, మిషను తన చిట్టాలో అదే రాసుకుంది చూడు: ఖాళీ కనెక్షను దొరకలేదు, ముప్పై సెకన్లు చూసి వదిలేశాను. రోజుకి రెండు మూడు వందల సార్లు రాసింది పాపం."

"ఇది చూడటానికి నీకెంత సేపు పట్టింది?"

"ఐదు నిమిషాలు."

రాఘవమ్మ జాబితాను వెనక్కి, ఇంకా వెనక్కి జరిపించింది. జూన్ ఎనిమిది, మృగశిర కార్తె రోజు, అక్కడ ఆగింది. దానికి ముందు రాతంతా ఇంగ్లీషు. ఆ రోజు నుంచి తెలుగు. ఆ తెలుగులో ఒక్క వరుస మాత్రం తేడాగా ఉంది.

'వీరమ్మ, కొమరోలు. సాయంత్రం 6:10. పోయినారు.'

"ఆమె ఎప్పుడు చనిపోయింది?"

"తొమ్మిదో తారీఖు మధ్యాన్నం. చెట్టు నీడన నడుం వాల్చి మళ్ళా లేవలా" అంది రజిని. "ముందురోజే రాసిందమ్మా ఈ మిషను. ఆ వరుస కంటబడినప్పటి నుంచి నాకు ముద్ద దిగతల్లా."

ఆదిశేషు నోటుపుస్తకం మూసేశాడు. వెనక పలకల్లో మళ్ళీ చప్పుడైంది. అతను వెనక్కి తిరిగి చూడలేదు, చూడకూడదని నిర్ణయించుకున్నాడు.

అంతలో ప్రెసిడెంటు కరుణాకరం వచ్చాడు. రిటైరైన హెడ్మాస్టరు, మాట ఇంకా క్లాసులో ఉన్నట్టే ఉంటుంది.

"దయ్యమూ లేదు, గియ్యమూ లేదు. అంతా ఆ వీరమ్మ కొడుకు కాటమరాజు పని. సురేషే చెప్పినాడు నాతో. తల్లి పోయిందన్న కోపంతో ఆమె పేరు మీద దూరి అందరి నోట్లో మన్ను కొడతాండాడు. శనివారం తేల్చేస్తా, అవసరమైతే పోలీసులకి చెప్తా."

"సురేష్ అంటే?"

"పేజీ కట్టిన పిలగాడు. గిద్దలూరులో ఉంటాడు."

"పేజీని తెలుగు చేయమన్నది ఎవరు?"

"నేనే" అన్నాడు కరుణాకరం గర్వంగా. "మన కాపరులకి ఇంగ్లీషు ఎందుకు? తెలుగులో పెట్టమన్నా. ఏం, తప్పా?"

"మంచిదే" అంది రాఘవమ్మ.

మర్నాడు పొద్దున్నే బస్సెక్కి గిద్దలూరులో దిగారు. సురేష్ బస్టాండు ఎదురుగా మేడ మీద గదిలో ఉన్నాడు. ముప్పై దాటని మనిషి, మాట్లాడుతున్నంతసేపూ కళ్ళు తెర మీదే.

"ఎనిమిదో తేదీన ఏం మార్చినావు?"

"ఏం మార్చలేదు మేడం. మాటలు తెలుగు చేసినా, అంతే. మిషను ముట్టుకోలా."

"పేజీ బిగుసుకుపోతే ఏం చేస్తావు?"

"ఆపి మళ్ళా తెరుస్తా. రోజూ సాయంత్రం ఆపి తెరుస్తాండా. ఖాళీ అయిపోతాది. మళ్ళా పొద్దున ఆ ముసలామె వస్తాది."

"నలభైమంది పట్టుకుంటే బిగుసుకుపోతుందని నీకు తెలుసా?"

సురేష్ మౌస్ పక్కకి జరిపాడు. "సిగ్నలు ప్రాబ్లం అయ్యుండొచ్చు మేడం. కొండలు కదా" అన్నాడు.

కొమరోలులో దిగి, ఆటోలో వీరమ్మ పల్లెకి చేరేసరికి పదకొండు దాటింది. మందలన్నీ మేతకు పోయి ఊరు బోసిగా ఉంది. దొడ్లు ఖాళీ. ఒక ఇంటి అరుగు మీద కృష్ణవేణమ్మ అనే ఆవిడ వేరుశనక్కాయలు వొలుస్తూ కనబడింది. వీరమ్మ ఇంటికి ఎదురిల్లే.

"అక్కా, మందమిత్ర వాడతావా?" అని పలకరించింది రాఘవమ్మ, పక్కనే కూర్చొని నాలుగు కాయలు తనూ వొలుస్తూ.

"వాడతాం. మాకుండేది నలభై జీవాలు. మొన్నటిదాకా బానే ఉండేది."

"పని అయినాక ఏం చేస్తావు?"

"ఏం చేస్తా, ఫోను బోర్లా పెడతా." కృష్ణవేణమ్మ గూట్లోకి చూపించింది. ఫోను నిజంగానే బోర్లా పడుకుని ఉంది. రాఘవమ్మకి గుర్తొచ్చింది, వచ్చేటప్పుడు తొంగిచూసిన రెండిళ్ళలో కూడా ఫోన్లు బోర్లానే ఉన్నాయి.

"పని అయినాక కింద ఎర్ర బటన్ నొక్కమని రజిని నేర్పించలా?"

"నేర్పించింది. నొక్కేవాళ్ళం."

"ఇప్పుడు?"

కృష్ణవేణమ్మ చెయ్యి ఆగిపోయింది. "ఆ సాయంత్రం వీరమ్మే ముందు నొక్కింది. ఈ అరుగు మీదే. దాని మీద పడిన మాట వీధి పిల్లలు చదివినారు. మేమంతా ఇకఇకా నవ్వినాం. ఆమె కూడా నవ్వింది. తెల్లారి మధ్యాన్నానికి ఆమె లేదు." కొంగుతో మొహం తుడుచుకుంది. "ఆ మాట నా నోటితో అననక్కా. అడగబాక. మాకు చుట్టాలుండే ఊర్లన్నిటికీ ఫోన్లు చేసి చెప్పినాం, నొక్కబాకండి అని."

కాటమరాజు అప్పుడే మందను పక్క చేలోకి తోలి నీళ్ళకి ఇంటికొచ్చాడు. నల్లటి బక్కపల్చటి మనిషి. తల్లి సంగతి ఎత్తగానే నేల చూపులు చూశాడు.

"ఆమె ఫోను ఏదబ్బయ్యా?"

"మట్టిలో పెట్టినామమ్మా. ఆమెతో పాటే."

"నీ ఫోను?"

తీసి చూపించాడు. కొత్తది. రాఘవమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి ఇచ్చేసింది. చూరు కింద ప్లగ్గుకి ఒక ఛార్జరు వేలాడుతోంది. వైరు నేలకు తగలకుండా ఎవరో శ్రద్ధగా రెండు చుట్లు చుట్టి మేకుకి తగిలించారు. ఆమె దాని కొసను ఒకసారి వేళ్ళతో పట్టి చూసి వదిలేసింది.

బస్సులో ఆదిశేషు ఉండబట్టలేకపోయాడు. "అక్కా, ఫోను మట్టిలో ఉంది. రోజూ ఐదింటికి లోపలికి వస్తోంది. నాకు భయంగా ఉంది, దాచుకోను."

"భయపడు, తప్పులేదు. నాకూ ఆ ఊళ్ళో అరికాళ్ళు చల్లబడినాయి. కానీ దయ్యాన్ని చూసి కాదు" అంది రాఘవమ్మ.

శనివారం పదింటికి పలకల షెడ్డులో అందరూ చేరారు. కరుణాకరం, సురేష్, రజిని, కొమరోలు నుంచి కృష్ణవేణమ్మ, కాటమరాజు. తెర మీద జాబితా తెరిచి ఉంది. ముప్పై ఎనిమిది పేర్లు, ఒక్కొక్కటే పెరుగుతోంది. అన్నిటికన్నా పైన వీరమ్మ. కాటమరాజు దానివంక చూడకుండా కూర్చున్నాడు.

"నేను మాన్యువల్ బోర్డు మీద పని చేసిన దాన్ని" అని మొదలుపెట్టింది రాఘవమ్మ. "బోర్డుకి ఇన్ని తీగలని లెక్క. ఇద్దరికి మాట కలిపితే ఒక తీగ పోయినట్టే. వాళ్ళు ఫోను పెట్టేస్తే తీగ పీకి ఇంకొకరికి ఇస్తాం. పెట్టకపోతే? మధ్యలో చెవి పెట్టి వింటాం. మాటలేకపోతే మేమే పీకేస్తాం. లేకపోతే ఒక్క పూటలో ఊరంతా మూగబోతుంది. ఇక్కడ జరిగింది అదే. నలభై తీగలు. తీసుకున్నవాళ్ళు ఎవరూ తిరిగి ఇవ్వడంలేదు. ఎందుకివ్వడంలేదు? ఆదిశేషూ, ఆ ఎనిమిదో తేదీ వరుస చదువు."

"వీరమ్మ, కొమరోలు, పోయినారు."

కృష్ణవేణమ్మ చెవులు మూసుకుంది.

"పేజీలోంచి బయటికి రావాలంటే ఎర్ర బటన్ నొక్కాలి. ఇంగ్లీషులో ఉన్నన్నాళ్ళూ అక్కడ ఏముందో ఎవరికీ తెలియదు, రజిని నేర్పించినట్టు నొక్కేవాళ్ళు. హెడ్మాస్టరు గారు తెలుగు చేయమన్నారు. సురేష్ చేసినాడు. బయటికి పోయిన మనిషి పేరు పక్కన 'పోయినారు' అని రాసినాడు."

"అందరం అట్లనే అంటాం కదా!" అన్నాడు సురేష్. "వాడేడీ అంటే పోయినాడు అంటాం."

"ఊరికి పోయినాడు అంటాం. చేలోకి పోయినాడు అంటాం. మనిషి పేరు చెప్పి, గౌరవం పెట్టి, ఇంకేమీ చెప్పకుండా 'పోయినారు' అంటే ఏంది అర్థం? నువ్వే చెప్పు."

కరుణాకరం కళ్ళజోడు తీసి తుడవడం మొదలుపెట్టాడు.

"వీరమ్మ మొదట నొక్కింది. ఆ మాట పడింది. మర్నాడు నిజంగానే పోయింది. తన పేరు పక్కన ఆ మాట పడేట్టు తన వేలితో తను నొక్కుకునే మనిషి ఈ చుట్టుపక్కల ఎవరైనా ఉన్నారా? ఫోన్లు బోర్లా పెట్టుకున్నారు. ఆ రోజు నుంచి ఒక్కరు కూడా తీగ తిరిగివ్వలేదు."

"మరి వీరమ్మ?" అంది రజిని.

రాఘవమ్మ కాటమరాజు ముందుకెళ్ళి నిలబడింది. "నీ కొత్త ఫోనుకి పట్టని పిన్ను నీ చూరుకి వేలాడుతోందబ్బయ్యా. దుమ్ము లేదు, వైరు మడత నలగలేదు. రోజూ దేనికో చార్జింగు పెడుతున్నావు. మట్టిలో పెట్టినామన్న ఫోను నీ జేబులో ఉంది. తియ్యి."

కాటమరాజు చొక్కా లోపలి నుంచి గుడ్డలో చుట్టిన పాత ఫోను తీశాడు.

"చూసినారా, నేను చెప్పలా!" అన్నాడు కరుణాకరం.

"కూర్చోండి సార్. ఇతను పట్టుకున్నది నలభైలో ఒక్కటి."

"మా యమ్మ రోజూ ఐదింటికి లేసేది" అన్నాడు కాటమరాజు. ఎవరికి చెబుతున్నాడో అతనికే తెలియనట్టుంది. "ఒకనాడు పొద్దున ఊరికే తెరిచినా. 'వీరమ్మ లోపల ఉన్నారు' అని పడింది. అది చూసి మందను తోలుకోని పోయినా. కడుపు నిండినట్టుండె. ఇంక రోజూ తెరుస్తాండా. ఎవురికీ చెరుపు చేయాలని కాదమ్మా. పెద్దారవీడులో జీవాలు పోయినాయని ఈడికొచ్చేదాకా నాకు తెల్దు. తెలిసుంటే ముట్టుకుందునా?"

రాఘవమ్మ కళ్ళు తుడుచుకుంది, దాచుకోలేదు. తర్వాత సురేష్ వైపు తిరిగినప్పుడు ఆమె గొంతు మారింది.

"ఇది చేసింది నువ్వు. మాట తప్పు రాయడం తెలియక చేసినావు, పోనీ. మనిషి లోపలికి రాగానే తీగ ఇచ్చి, బటన్ నొక్కేదాకా వెనక్కి తీసుకోకుండా కట్టినావు. అడిగిన పని అయిన క్షణంలో తీగ దానంతట అదే వెనక్కి రావాలి. ఆదిశేషు ఐదు నిమిషాల్లో చూసినది నువ్వు మొదటి రోజే చూసినావు. అందుకే సాయంత్రాలు ఆపి తెరుస్తున్నావు. తప్పు బయటపడుతుందని, చచ్చిపోయిన మనిషి నెత్తిన పెట్టినావు, అది చాలక ఆమె కొడుకు మీద పెట్టినావు. పదకొండు జీవాలు నీ ఖాతాలోవి."

సురేష్ తల వంచుకున్నాడు. "ఈ రోజే మార్చేస్తా మేడం. సాయంత్రానికల్లా..."

"అక్కా!" ఆదిశేషు అరిచాడు. "నలభై నిండింది. నలభై ఒకటి బయట ఉంది. పెద్దారవీడు టవరు నుంచి. ముప్పై సెకన్లకి వదిలేస్తోంది, మళ్ళీ కొడుతున్నారు."

రజిని లేచి నిలబడింది. "ఎవరు? మంద ఎక్కడుంది?"

"లోపలికొస్తేనే తెలిసేది."

సురేష్ లాప్‌టాప్ లాక్కున్నాడు. "ఆపి తెరవాలంటే పది నిమిషాలు పడతాది."

కాటమరాజు గుడ్డ విప్పాడు. తల్లి ఫోను తెర వెలిగింది. 'వీరమ్మ, లోపల ఉన్నారు.' కింద ఎర్ర బటన్. అతని వేలు దాని మీదికి పోయి ఆగింది. కృష్ణవేణమ్మ "వద్దు నాయనా, నీ చేత్తో వద్దు" అంది. రాఘవమ్మ అడ్డం చెప్పలేదు, నొక్కమనీ అనలేదు.

అతను నొక్కాడు.

పెద్ద తెర మీద మొదటి వరుస మారింది. 'వీరమ్మ, కొమరోలు. పోయినారు.' ఒక క్షణం ఇంకేమీ జరగలేదు. తర్వాత అడుగున కొత్త పేరు పడింది: 'వెంకటసుబ్బయ్య, పెద్దారవీడు. లోపల ఉన్నారు.' వెంటనే మంద తావు పడి గంట మోగింది. రజిని తావు చదువుకుంటూనే బయటికి పరిగెత్తింది. షెడ్డు బయట బండి స్టార్టయి, రోడ్డెక్కింది.

"ఎవురమ్మా, మా యమ్మ జాగాలోకి వచ్చింది?" అని అడిగాడు కాటమరాజు.

"వెంకటసుబ్బయ్య అని పెద్దారవీడు ఆయన. మూడు గొర్రెలు పడిపోయినాయంట. ఇంకా అరవై ఉన్నాయి" అంది రాఘవమ్మ తెర చూసి.

"బండి పోయిందా?"

"పోయింది."

అతను ఫోనును మళ్ళీ గుడ్డలో చుట్టబోయి, చుట్టలేక, దాన్ని మొహానికి ఆనించుకున్నాడు. తల్లి పోయి ఇరవై రెండు రోజులైంది. కాటమరాజు ఆ రోజు, అంతమంది ముందు, మొదటిసారి బావురుమని ఏడ్చాడు.